జిమ్ ట్రైనర్ అవ్వాలనుకుంటున్నారా? ముందు ఈ లెక్క చూడండి

ఈ రోజు టాపిక్ మా ఇంట్లోనే మొదలైంది. మా బాబాయ్ వాళ్లది ఖమ్మం. బాబాయ్ కొడుకు మెకానికల్‌లో బీటెక్ చేశాడు. ఫైనల్ ఇయర్ నుంచి వాడికి జిమ్ పిచ్చి. పాసయ్యాక "అన్నా, నేను పర్సనల్ ట్రైనర్ అవుతా" అన్నాడు. వెంటనే బాబాయ్ నుంచి నాకు ఫోన్. "నువ్వే చెడగొట్టావురా వాణ్ణి. నువ్వేమో సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి వీడియోలు చేస్తున్నావ్, వాడేమో డంబెల్స్ ఎత్తుతానంటున్నాడు. నువ్వే చెప్పి మాన్పించు."

మాన్పించే అర్హత నాకెక్కడిది చెప్పండి? అందుకే తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశా. అలవాటు పోలేదు కదా.

ఈ లెక్క మీరు కూడా వేసుకోండి. నంబర్లు ఊరికే ఉదాహరణకి తీసుకున్నవి, మీ ఏరియాలో వేరేగా ఉంటాయి. జిమ్‌కి జనం ఎప్పుడొస్తారు? ఆఫీసుకి ముందు, ఆఫీసు తర్వాత. ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10. అంటే మీరు అమ్ముకోగలిగేది రోజుకి 8 గంటలే. మధ్యాహ్నం మొత్తం ఖాళీ. ఒక క్లయింట్ సోమ, బుధ, శుక్ర వస్తే, అదే టైమ్‌కి ఇంకొకరు మంగళ, గురు, శని వస్తారు. అలా 8 స్లాట్లకి 16 మంది. ఒక్కొక్కరు నెలకి 12 సెషన్లకి 8,000 కడితే, అందులో సగం జిమ్ ఉంచుకుంటే, మీకు 4,000. పదహారు నాలుగులు 64,000.

తమ్ముడి కళ్లు మెరిశాయి. "చూశావా అన్నా, ఫ్రెషర్ శాలరీ కన్నా ఎక్కువే!"

ఆగు తమ్ముడూ, అని కింద ఇంకో లైన్ రాశా. ఒక క్లయింట్ నీ దగ్గర ఎన్ని నెలలు ఉంటాడు? సగటున 2 నెలలే ఉంటే, 16 మందిలో ప్రతి నెలా 8 మంది వెళ్లిపోతారు. అంటే ప్రతి నెలా 8 మంది కొత్తవాళ్లని పట్టాలి. అప్పుడు నువ్వు ట్రైనర్‌వి కాదు, సేల్స్‌మన్‌వి. అదే 8 నెలలు ఉంటే? నెలకి ఇద్దరు కొత్తవాళ్లు చాలు, వాళ్లని కూడా పాతవాళ్లే తీసుకొస్తారు. యాప్‌ల కంపెనీల్లో దీన్ని చర్న్ అంటాం. నా దృష్టిలో ఈ కెరీర్ మొత్తం ఆ ఒక్క నంబర్ మీదే నిలబడుతుంది. మీ బైసెప్స్ సైజు మీద కాదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఇద్దరు ట్రైనర్ల దగ్గర క్లయింట్‌ని. మొదటాయన బాడీ చూస్తే సినిమా హీరోలా ఉండేవాడు. నేనేమో రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునే బ్యాచ్. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మొదటి రోజే వంద స్క్వాట్స్, తర్వాత డెడ్‌లిఫ్ట్. "నొప్పి వస్తేనే పనిచేస్తున్నట్టు" అన్నాడు. మూడు రోజులు మెట్లు దిగలేకపోయా, నడుము పట్టేసింది. మూడు నెలల ఫీజు ముందే కట్టా, మళ్లీ అటువైపు వెళ్లలేదు. నాకు నడుం నొప్పితో పోయింది గానీ, అలవాటు లేనివాళ్లతో మొదటి రోజే మరీ ఎక్కువ చేయిస్తే కండరాలు దెబ్బతిని, అందులోంచి వచ్చే పదార్థాలు కిడ్నీల మీద పడొచ్చు. రాబ్డోమయోలిసిస్ అంటారు. వర్కౌట్ తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే నేరుగా హాస్పిటల్‌కే వెళ్లాలి.

రెండో ట్రైనర్‌కి కొంచెం పొట్ట కూడా ఉండేది. మొదటి రోజు 20 నిమిషాలు నాతో మాట్లాడటమే సరిపోయింది. నిద్ర ఎంత, ఏం తింటావు, పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని. ఒక చిన్న నోట్‌బుక్‌లో ప్రతి సెషన్ బరువులు రాసేవాడు. ఆయన దగ్గర రెండేళ్లున్నా, మా టీమ్ నుంచి ముగ్గుర్ని తీసుకెళ్లా. ఇద్దరికీ మొదటి నెల వచ్చిన డబ్బు ఒకటే. రెండేళ్లలో వచ్చింది మాత్రం మీరే లెక్కేసుకోండి.

ఇక సర్టిఫికెట్ సంగతి. డాక్టర్లకి, లాయర్లకి ఉన్నట్టు ట్రైనర్లకి తప్పనిసరి లైసెన్స్ మన దగ్గర లేదు. అందుకే బాడీ ఉన్న ప్రతివాడూ ట్రైనరే! కానీ చదవకుండా దిగొద్దు. అమెరికావి ఏస్, నాస్మ్, ఏసీఎస్ఎమ్ లాంటివి ఇక్కడా గుర్తింపు ఉన్నవే. మన దేశంలో స్కిల్ కౌన్సిల్ కోర్సులున్నాయి. తమ్ముడు ఏస్ రాశాడు. 150 ప్రశ్నలు, 3 గంటలు. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. పాసయ్యాక కూడా రెండేళ్లకోసారి కొత్త కోర్సులు చేసి రెన్యూ చేసుకోవాలి. మెకానికల్‌లో చదివిన టార్క్, లీవర్ ఇక్కడ మోచేయి, మోకాలు దగ్గర పనికొచ్చాయని వాడే నవ్వాడు.

వాడికి అన్నింటికన్నా నచ్చింది పార్-క్యూ అనే ఫారం. ఏడు అవును-కాదు ప్రశ్నలు. గుండె జబ్బు, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, బీపీ మందులు, కీళ్ల సమస్యలు ఇలాంటివి. ఒక్కదానికి అవును అన్నా ముందు డాక్టర్ని కలవాలి, తర్వాతే బరువులు.

తర్వాత ఏడాది కూకట్‌పల్లిలో ఒక జిమ్‌లో ఫ్లోర్ ట్రైనర్. జీతం తక్కువ, ప్లేట్లు సర్దడం కూడా మనమే. కానీ వందలమంది శరీరాలు చూసేది అక్కడే. డైట్ పాఠం కూడా అక్కడే నేర్చుకున్నాడు. మొదట్లో అందరికీ చికెన్, బ్రకోలీ అని చార్ట్ ఇచ్చేవాడు. మూడో రోజుకే మానేసేవాళ్లు. ఎవరు తింటారండీ రోజూ? తర్వాత మార్చాడు. ఇంట్లో చేసిందే తినండి, అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు పెంచండి, పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, రెండు గుడ్లు. గుడ్డుకి సుమారు 6 గ్రాముల ప్రోటీన్. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ లెక్క ప్రకారం మామూలు పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. బరువులు ఎత్తేవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ. షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి మాత్రం వాడు చార్ట్ ఇవ్వడు, డైటీషియన్ దగ్గరికి పంపిస్తాడు.

అసలు పరీక్ష ఒక రోజు రాత్రి వచ్చింది. పెళ్లి ఫిక్సయిన క్లయింట్ ఒకడు, "అన్నా, మూడు నెలల్లో సిక్స్‌ప్యాక్ కావాలి, ఆ ఇంజెక్షన్లు ఇప్పించు, ఎంతైనా ఇస్తా" అన్నాడు. అవి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని స్టెరాయిడ్లు. గుండె మీద, లివర్ మీద ప్రభావం, వీర్యకణాలు తగ్గిపోవడం, ఇవన్నీ తెలిసిన సంగతులే. ఆ నెల తమ్ముడికి రూమ్ రెంట్ కూడా కష్టంగా ఉంది. తెచ్చిపెడితే చేతికొచ్చే డబ్బు నాలుగు ప్యాకేజీల కన్నా ఎక్కువ. నాకు ఫోన్ చేశాడు. నేను నీతులేం చెప్పలేదు. "వాడికి ఏదైనా అయితే వాళ్ల అమ్మకి ఏం చెప్తావురా?" అని మాత్రం అడిగా. మర్నాడు వాడు కుదరదన్నాడు. ఆ క్లయింట్ వెళ్లిపోయాడు. పక్కింకో చోట తీసుకున్నాడో లేదో తెలీదు.

ఇప్పుడు తమ్ముడికి 11 మంది క్లయింట్లు. మధ్యాహ్నం ఖాళీలో ఇద్దరు రిటైర్డ్ పెద్దవాళ్లకి ఇంటికెళ్లి చేయిస్తాడు. ఇంకా 64,000 రాలేదు, షీట్‌లో ఆ గడి ఎర్రగానే ఉంది.

మొన్న దసరాకి బాబాయే అడిగాడు, "ఒరేయ్, నా పొట్ట తగ్గుతుందా?" అని. తమ్ముడు ఫారం తీసి చేతిలో పెట్టాడు. బీపీ మందు ప్రశ్న దగ్గర బాబాయ్ "లేదు" అని టిక్ పెట్టబోతుంటే, పిన్ని వంటింట్లోంచే అరిచింది, "ఆ టాబ్లెట్ల డబ్బా ఎవరిదండీ మరి?" అని. ఫస్ట్ సెషన్ క్యాన్సిల్, ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్.

సరే, ఉంటాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.