రెండేళ్లు కమ్యూనిటీ కళాశాల.. ఆపై విశ్వవిద్యాలయం
అమెరికాలో సైకాలజీ చదువుకు తక్కువ ఖర్చు మార్గం.. కోర్సుల ఎంపికే కీలకం

గుంటూరు: అమెరికాలో మనస్తత్వశాస్త్రం (సైకాలజీ) చదవాలంటే మొదటి సంవత్సరమే పెద్ద విశ్వవిద్యాలయంలో చేరవలసిన అవసరం లేదు. తొలి రెండేళ్లు కమ్యూనిటీ కళాశాలలో, తరువాతి రెండేళ్లు విశ్వవిద్యాలయంలో చదివి డిగ్రీ పొందవచ్చు. తెలుగువారు అధికంగా నివసించే కాలిఫోర్నియాలో ఈ విధానం బాగా స్థిరపడింది. ఫ్రీమాంట్‌లోని ఓలోనీ, క్యూపర్టినోలోని డి ఆంజా ఇటువంటి కళాశాలలే. అయితే కోర్సుల ఎంపికలో పొరపాటు జరిగితే మిగిలిన సొమ్ము, కాలం రెండూ చేజారుతాయి.

ఫీజు ఎంత?
సెమిస్టర్ పద్ధతిలో రెండేళ్లకు 60 యూనిట్లు చదవాలి. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్ల చొప్పున 2,760 డాలర్లు అవుతుంది. పుస్తకాలు, వసతి అదనం. విద్యార్థి వీసాపై వెళ్లేవారు దీనికి అనేక రెట్లు చెల్లించాలి. వారు సెమిస్టర్‌కు కనీసం 12 యూనిట్లు చదవాలి. విశ్వవిద్యాలయానికి మారేటప్పుడు కొత్త ఐ-20 పత్రం పొందాలి.

ఏయే కోర్సులు?
సైకాలజీ పరిచయం, గణాంకశాస్త్రం, పరిశోధన పద్ధతులు, జీవసంబంధ మనస్తత్వశాస్త్రం ప్రధానమైనవి. కొన్ని క్యాంపస్‌లు గణితం, జీవశాస్త్రం కూడా కోరుతాయి. లెక్కలు లేని చదువని భావించి గణాంకశాస్త్రాన్ని వాయిదా వేస్తే బదిలీ ఆలస్యమవుతుంది. ఏ కళాశాల కోర్సును ఏ విశ్వవిద్యాలయం అంగీకరిస్తుందో ‘అసిస్ట్’ అనే అధికారిక వెబ్‌సైట్‌లో మొదటి సెమిస్టర్‌కు ముందే చూసుకోవాలి.

సీటుకు హామీ ఉందా?
2010లో చేసిన చట్టం ప్రకారం బదిలీ కోసం ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ ఏర్పడింది. నిర్ణీత అర్హతలతో దీనిని పూర్తిచేసిన వారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో సీటు లభిస్తుంది. కోరిన క్యాంపస్‌లోనే వస్తుందన్న హామీ మాత్రం లేదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన ఆరు క్యాంపస్‌లు షరతులతో ప్రవేశ హామీ ఇస్తున్నాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో వాటిలో లేవు.

డిగ్రీతో సరిపోదు
నాలుగేళ్ల డిగ్రీతోనే సైకాలజిస్టుగా చికిత్స చేసే వీలులేదు. కాలిఫోర్నియాలో లైసెన్సుకు డాక్టరేట్, 3,000 గంటల పర్యవేక్షిత అనుభవం, పరీక్షల్లో ఉత్తీర్ణత తప్పనిసరి. తొలి రెండేళ్లలో ఆదా అయ్యే సొమ్ము ఈ పైచదువులకు అక్కరకు వస్తుంది. కనుక చేరవలసిన విశ్వవిద్యాలయాన్ని ముందు నిర్ణయించుకుని, కళాశాల కౌన్సిలర్‌తో చర్చించిన తరువాతే కోర్సులు ఎంచుకోవడం శ్రేయస్కరం.