పళ్ళెం మన చేతిలో లేని చోట

కువైట్‌కు వచ్చిన తెలుగువాళ్ళలో రాయచోటి, రాజంపేట, కడప వైపు వాళ్ళు చాలామంది. గోదావరి జిల్లాల వాళ్ళూ తక్కువేం కాదు. మగవాళ్ళు డ్రైవర్లు, వంటవాళ్ళు, కంపెనీ కూలీలు. ఆడవాళ్ళు ఎక్కువగా ఇళ్ళల్లో పనిచేస్తారు. వాళ్ళను ఇక్కడ ఖద్దామాలు అంటారు.

స్థూలకాయం ఎక్కువగా ఉన్న దేశాల లెక్క తీస్తే కువైట్ ఎప్పుడూ పైవరసలోనే ఉంటుంది. షుగర్ జబ్బూ అంతే. ఆ జబ్బు కోసమే 2006లో డస్మాన్ డయాబెటిస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. కారణాలు వెతకనక్కర్లేదు. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. అలాంటి చోట వేసవి పగలు ఎవరు నడుస్తారు? గడప దాటితే కారు. ఖుబ్జ్ రొట్టె చాలా చవక. మాంసంతో వండిన మచ్బూస్ అన్నం పెద్ద పళ్ళెంలో వస్తుంది. భోజనం రాత్రి పొద్దుపోయాక. యజమానులు తిన్నాక పనివాళ్ళు తింటారు, అప్పటికి పదకొండు దాటుతుంది.

2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్ళకు తిండి పెట్టడం యజమాని బాధ్యత. మంచిదే. కానీ ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో కూడా యజమాని ఇష్టమే అవుతుంది. ఈ మాట మన పత్రిక పాఠకులకు కొత్త కాదు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అలా నాటల్ చేరిన కూలీలకు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె కొలిచి ఇచ్చేవారు. ఆ కొలత వాళ్ళది కాదు, తోట దొరది.

ఇక అసలు చిక్కు. ఇక్కడ చాలామంది పట్టుదలగా బరువు తగ్గుతారు. రెండు నెలలు రాత్రి అన్నం మానేస్తారు, కీరదోసకాయలతో సరిపెడతారు. తర్వాత సెలవు మీద ఊరు వెళ్తారు. గుమ్మంలోనే అమ్మ, "చిక్కి సగమైపోయావు కదే!" అంటుంది. ఆ నెలంతా విందులే. తగ్గినదంతా మళ్ళీ వస్తుంది.

తప్పు అమ్మది మాత్రమే కాదు, ఒంటిది కూడా. బరువు తగ్గగానే ఒళ్ళు దాన్ని కరువు అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో బాగా తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించారు. ఒక్కరు తప్ప అందరూ మళ్ళీ పెరిగారు. వాళ్ళ ఒళ్ళు ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. ఈ ఫలితం 2016లో వచ్చింది. అందుకే రెండు నెలల ఉపవాసం మీద నాకు నమ్మకం లేదు. పదేళ్ళు చేయగలిగిన పనే చేయాలి.

అమెరికాలోనే 1994లో, తగ్గిన బరువును నిలుపుకున్నవాళ్ళ పట్టిక ఒకటి మొదలైంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాది పాటు నిలబెట్టుకున్నవాళ్ళే అందులో చేరగలరు. వాళ్ళలో ఎక్కువమంది పొద్దున టిఫిన్ తింటారు. వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. రోజుకు దాదాపు గంట నడుస్తారు, లేదా అంత శ్రమ చేస్తారు.

ఖద్దామాకు గంట నడక ఎక్కడ దొరుకుతుంది? అయినా ఆమె చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. చాయ్ చక్కెర వాటిలో మొదటిది. ఇస్తికానా అంటే చిన్న గాజు గ్లాసు. చిన్నదే కదా అని రోజుకు ఐదారు తాగుతారు, ప్రతిదానిలో రెండు చెంచాల చక్కెర. నెలకు ఒక చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. ముందు కూర, పప్పు, సలాడ్ తిని, అన్నం చివర పెట్టుకోవడం రెండోది.

నూనె మార్చితే చాలు అనుకునేవాళ్ళు మారిషస్‌ను చూడాలి. 1987లో అక్కడి ప్రభుత్వం రేషన్ నూనెలో పామాయిల్ తీసి సోయా నూనె ఇచ్చింది. ఐదేళ్ళలో జనం కొలెస్ట్రాల్ తగ్గింది. ఒంటి బరువు మాత్రం పెరిగింది!

సెలవు నుంచి తిరిగొచ్చే పెట్టెల్లో పచ్చళ్ళ పక్కన రాగిపిండి కూడా ఉంటుంది. రాగిపిండిని అన్నంలో కలిపి ఉడికించి ముద్ద చేస్తే అది సంగటి. కడుపులో నిలుస్తుంది, త్వరగా ఆకలి కాదు. వంటింట్లో కాస్త చోటు ఇచ్చే యజమానురాలు దొరికితే, శుక్రవారం ఒక ముద్ద, పక్కన గోంగూర పప్పు.