బీరుకు తగిన నీరు

బ్రిటనులో 1963 నుండి గృహస్థులు లైసెన్సు లేకయే తమ వాడుకకు ఇంట బీరు కాచుకొనుచున్నారు. క్రొత్తగా పూనుకొనువారు బార్లీ మాల్టును, హాప్సును శ్రద్ధగా ఎంచి, నీటిని మరతురు. బీరులో నూటికి 90 పాళ్లు నీరే గదా!

ఇంగ్లండులోని బర్టన్ బావినీటిలో జిప్సము హెచ్చు. అది హాప్సు చేదును స్ఫుటపరచి, అచటి పేల్ ఏలుకు పేరు తెచ్చినది. బొహీమియాలోని పిల్సెన్ మృదుజలముతో 1842లో లేత బంగారువన్నె బీరు పుట్టినది.

రుచిగల కుళాయినీరు ఆరంభమునకు చాలును. కాని అందలి క్లోరినును తొలగింపకున్న బీరుకు మందువాసన పట్టి శ్రమ వ్యర్థమగును. క్లోరిను మరిగించినచో పోవును. క్లోరమిను అంత సులభముగా వీడదు. గంధకపు లవణముతో చేసిన కాంప్డెను బిళ్ళ సగము 20 లీటర్ల నీటిలో కలిపినచో రెండును విరిగిపోవును. ముందు నీటిని రుచి చూడుడు. పిమ్మట పొయ్యి వెలిగింపుడు.