పుత్తూరు కట్టుకు వెళ్లేముందు తెలుసుకోవలసినవి

పుత్తూరు: చెట్టుపై నుంచి జారిపడినా, ద్విచక్రవాహనం బోల్తాపడినా, చెయ్యో కాలో విరిగిందని తెలియగానే రాయలసీమ పల్లెల్లో ముందుగా వినవచ్చే మాట ‘పుత్తూరుకు తీసుకుపోదాం’ అనేదే. తిరుపతికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, రేణిగుంట-అరక్కోణం రైలుమార్గంపై ఉన్న ఈ పట్టణం పేరు ఎముకల కట్టుకు పర్యాయపదమైంది. తమిళనాడు, కర్ణాటకల నుంచి సైతం బాధితులు ఇక్కడికి తరలివస్తుంటారు.

పట్టణ సమీపంలోని రాచపాలెంలో పందొమ్మిదవ శతాబ్దం చివరి దశలో కేశవరాజు ఈ వైద్యానికి శ్రీకారం చుట్టారని, వేటలో కాలు విరిగిన కుందేలుకు ఆకులు చుట్టగా అతుక్కోవడమే దీనికి మూలమని స్థానికంగా చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, వారి వంశీకులు తరతరాలుగా ఈ వృత్తినే కొనసాగిస్తున్నారు. తొలగిన ఎముకను చేతితో సరిచేసి, మూలికల పొడిని కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి పట్టించి, గుడ్డచుట్టి వెదురు బద్దలతో బిగించడం ఇక్కడి పద్ధతి. అయితే ఇతర ఊళ్లలో వెలసిన ‘పుత్తూరు కట్టు’ బోర్డులన్నింటికీ ఈ కుటుంబంతో సంబంధం ఉండనవసరం లేదు. బోర్డును కాక, కట్టేవారి అనుభవాన్ని విచారించడం అవసరం.

విరిగిన ఎముక సహజంగానే అతుక్కుంటుంది. దానిని సరైన వరుసలో, కదలకుండా నిలపడమే కట్టు చేసే పని. అందువల్ల ఎముక ఎక్కడ, ఎలా విరిగిందో ముందే తేలాలి. రెండు కోణాలలో ఎక్స్‌రే తీయించకుండా, చేతితో తడిమి చూసి కట్టించుకోవడం శ్రేయస్కరం కాదు. వారం తరువాత మరోమారు ఎక్స్‌రే తీయిస్తే ఎముక పక్కకు జరిగిందీ లేనిదీ తెలుస్తుంది.

కట్టుకు తగని గాయాలూ ఉన్నాయి. చర్మం చీలి ఎముక బయటపడితే చీము పట్టే ముప్పు ఎక్కువ. అటువంటి గాయానికి పసరు, పొడి తగలనీయరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. వృద్ధులకు తుంటి ఎముక విరిగితే సాధారణంగా శస్త్రచికిత్సే మార్గం. నెలల తరబడి మంచాన పడుకోబెడితే పుండ్లు, ఊపిరితిత్తుల వ్యాధులు చుట్టుముడతాయి. వెన్నెముక దెబ్బలకూ, పిల్లలకు మోచేతి పైభాగాన విరిగిన ఎముకకూ ముందు ఎముకల వైద్యుని చూడాలి. ముఖ్య రక్తనాళం మోచేతి ముందు నుంచే పోతుంది కనుక అక్కడ చిన్న పొరపాటుకైనా చెయ్యి మొత్తం మూల్యం చెల్లించవలసి రావచ్చు.

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం బిగువు కట్టు. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతూనే ఉంటుంది. వదులుగా అనిపించిన కట్టు కూడా రాత్రికి బిగుసుకుని రక్తప్రసారాన్ని అడ్డగించవచ్చు. ‘కట్టు అన్నాక నొప్పి ఉంటుంది’ అని పెద్దలు సర్దిచెప్పడమే చాలామందికి చేటు తెచ్చింది. వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా, కదిలించలేకపోయినా, వేళ్లను మెల్లగా చాపితే భరించరాని నొప్పి కలిగినా తెల్లవారేదాకా ఆగరాదు. గోరును నొక్కి వదిలితే రెండు క్షణాల్లో ఎరుపు తిరిగి రావాలి. రాకుంటే కట్టును అక్కడికక్కడే కత్తిరించి ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తం అందకపోతే సుమారు ఆరు గంటల్లో కండరం చచ్చుబడుతుంది. ఆ తరువాత వేళ్లు వంకర్లు పోవడం, కుళ్లిన భాగాన్ని తొలగించవలసి రావడం సంభవిస్తాయి. మధుమేహులకు స్పర్శ మందగించి నొప్పి తెలియకపోవచ్చు గనుక ఇంట్లోవారే వేళ్లను గమనిస్తుండాలి. తెల్లసొన పడనివారికి దురద, బొబ్బలు రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పాలి.

కట్టిన చేతిని, కాలిని దిండుపై ఎత్తుగా ఉంచి వేళ్లను తరచూ ఆడించాలి. పెద్దలకు చేతి ఎముకలు అతకడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, కాలి ఎముకలకు మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. పిల్లలకు అంతకన్నా త్వరగా అతుకుతాయి. కట్టు విప్పిన తరువాత బిగుసుకున్న మోచేతిని బలంగా నూనెతో మర్దించి వంచితే కండరంలో ఎముక పెరిగి కీలు పూర్తిగా పట్టేసే అవకాశం ఉంది. రోగి తనంతట తాను కొద్దికొద్దిగా వంచుకోవడమే మేలు. మొదటి ఎక్స్‌రే ఫిల్మును పారవేయక భద్రపరచుకుంటే, తరువాత ఏ వైద్యుని వద్దకు వెళ్లినా అక్కరకు వస్తుంది.