పొలం పనులు – తల్లిపాలు: బాలింత కూలీలకు కావలసిన వెసులుబాటు

ఆవు ఈనిన వెంటనే దూడ చేత జున్నుపాలు తాగించాలన్న సంగతి పశుపోషకులందరికీ తెలిసినదే. తల్లి రక్తంలోని రోగనిరోధక పదార్థాలు ఆవు మావి గుండా దూడకు చేరవు. కాబట్టి పుట్టిన కొద్ది గంటలలో జున్నుపాలు అందని దూడ రోగాలకు సులభంగా లోనవుతుంది. మానవ శిశువుకు కొన్ని ప్రతిరక్షకాలు గర్భంలోనే మావి ద్వారా లభిస్తాయి. అయినా పేగుల లోపలి పొరను కాపాడే ప్రతిరక్షకాలు మాత్రం ముర్రుపాల నుండే అందవలసి ఉంటుంది. దూడ విషయంలో ఎంతో శ్రద్ధగా పాటించే ఈ నియమం బిడ్డ విషయంలో ఇంకా పూర్తిగా అమలులోకి రాలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరుగుతుండగా, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న పిల్లలు 41.8 శాతం మాత్రమే.

పుట్టిన గంటలోపు తల్లిపాలు ప్రారంభించాలనీ, ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప నీరు కూడా ఇవ్వరాదనీ, ఆ తరువాత అనుబంధ ఆహారంతో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. ఈ సిఫారసును ఆచరించడంలో వ్యవసాయ కూలి కుటుంబాలకు ఎదురయ్యే ప్రధానమైన ఆటంకం తల్లికి బిడ్డ వద్ద ఉండే సమయం చాలకపోవడం. ఈ విషయాన్ని కుటుంబ సభ్యులతో పాటు కూలీలను పనికి పిలిచే రైతులు కూడా గ్రహించవలసి ఉన్నది.

మొదటి గంట ప్రాధాన్యం

కాన్పు అయిన తొలి రెండు, మూడు రోజులలో వచ్చే చిక్కని, పసుపుపచ్చని పాలను ముర్రుపాలు అంటారు. వీటి పరిమాణం తక్కువే అయినా, అప్పుడే పుట్టిన శిశువు జీర్ణాశయానికి అంతే సరిపోతుంది. వీటిలో ప్రతిరక్షకాలు, విటమిన్-ఎ సమృద్ధిగా ఉంటాయి. ఘనా దేశంలో సుమారు 11 వేల మంది శిశువులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలందరికీ మొదటి గంటలోనే తల్లిపాలు ప్రారంభిస్తే నవజాత శిశు మరణాలలో 22 శాతం నివారించవచ్చునని అంచనా వేశారు. మొదటి రోజున ఎప్పుడైనా ప్రారంభిస్తే నివారించగలిగినవి 16 శాతం. కొద్ది గంటల జాప్యానికి ఎంత విలువ చెల్లించవలసి వస్తుందో ఈ తేడా తెలియజేస్తుంది.

ముర్రుపాలను పిండి పారబోయడం, వాటికి బదులుగా తేనె, పంచదార నీళ్ళు, ఆముదం ఉగ్గుగా పట్టడం కొన్ని కుటుంబాలలో ఇంకా కనిపిస్తున్నది. వీటి వలన శిశువుకు పాలు చీకే ఆసక్తి తగ్గడమే కాక, సూక్ష్మజీవులు చేరే అవకాశం ఏర్పడుతుంది. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఏడాది లోపు పిల్లలలో ప్రమాదకరమైన పక్షవాత లక్షణాలను కలిగించవచ్చు. తెలుగు రాష్ట్రాలలో శస్త్రచికిత్స కాన్పులు అధికంగా జరుగుతుండడం మరొక ఆటంకం. పైన పేర్కొన్న సర్వే కాలంలో ఇవి తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. వెన్నుకు మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేసినప్పుడు తల్లి స్పృహలోనే ఉంటుంది కాబట్టి, ఆసుపత్రి సిబ్బంది, వెంట ఉన్న బంధువులు సహాయపడితే ఆమె మొదటి గంటలోనే పాలివ్వగలదు.

బిడ్డకు, తల్లికి కలిగే మేలు

తల్లిపాలలో సుమారు 87 శాతం నీరే ఉంటుంది. అందువలన వేసవిలో సైతం ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీరు పట్టవలసిన అవసరం లేదని ఢిల్లీలో ఎండాకాలంలో జరిపిన అధ్యయనం 1991లోనే తెలిపింది. తల్లిపాలలో మాంసకృత్తులు ఒక శాతం మాత్రమే ఉండగా ఆవుపాలలో మూడు శాతానికి పైగా ఉంటాయి. వేగంగా పెరిగే దూడకు తగినట్లుగా ఏర్పడిన ఆ పాలు శిశువు మూత్రపిండాలకు భారమవుతాయి. వాటిని నీటితో పలుచన చేస్తే శక్తి, పోషకాలు తగ్గిపోతాయి.

బెలారస్ దేశంలో 1996–97లో 31 ప్రసూతి కేంద్రాలను రెండు వర్గాలుగా విభజించి, 17 వేల మందికి పైగా తల్లీబిడ్డలతో ఒక పెద్ద పరీక్ష నిర్వహించారు. ఒక వర్గంలో సిబ్బందికి తల్లిపాలను ప్రోత్సహించే శిక్షణ ఇచ్చారు. ఆ వర్గంలో మూడు నెలల వయసుకు కేవలం తల్లిపాలపై ఉన్న పిల్లలు 43.3 శాతం, రెండవ వర్గంలో 6.4 శాతం. మొదటి సంవత్సరంలో విరేచనాలకు దారితీసే జీర్ణకోశ వ్యాధులు సోకిన వారు మొదటి వర్గంలో 9.1 శాతం, రెండవ వర్గంలో 13.2 శాతం. శుభ్రమైన నీటి సదుపాయం ఉన్న దేశంలోనే ఇంత వ్యత్యాసం కనిపించిందంటే, చేతిపంపు నీటితో పాలసీసాలు కడిగే మన పల్లెలలో తల్లిపాల విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

పాలివ్వడం తల్లికి కూడా మేలు చేస్తుంది. బిడ్డ చీకినప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ హార్మోను గర్భాశయాన్ని ముడుచుకునేట్లు చేసి, కాన్పు తరువాతి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. స్త్రీలలో రక్తహీనత విస్తారంగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. 30 దేశాలలోని 47 అధ్యయనాల సమాచారాన్ని కలిపి 2002లో చేసిన విశ్లేషణ ప్రకారం, స్త్రీ పాలిచ్చిన ప్రతి 12 నెలల కాలానికి రొమ్ము క్యాన్సరు ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది.

పొలం పనికీ పాల ఉత్పత్తికీ గల సంబంధం

పేదరికంలో ఉన్న తల్లికి పాలు పడవన్న అభిప్రాయం సరైనది కాదు. తరువాతి కాలంలో హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థగా మారిన కూనూరు ప్రయోగశాలలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1950వ దశకంలో పేద తల్లులపై పరిశోధనలు జరిపారు. తక్కువ ఆహారంతో జీవించే స్త్రీలు సైతం చాలాకాలం బిడ్డలకు పాలివ్వగలుగుతున్నారనీ, ఆ పాలలో మాంసకృత్తులు, చక్కెర పెద్దగా తగ్గడం లేదనీ వారు గమనించారు. కొన్ని విటమిన్లు మాత్రం తల్లి ఆహారాన్ని బట్టి తగ్గాయి. అంటే పాలను తయారు చేయడానికి తల్లి శరీరం తన నిల్వలను ఖర్చు చేస్తుంది.

పాల ఉత్పత్తి బిడ్డ తాగే తీరును అనుసరించి జరుగుతుంది. చీకిన ప్రతిసారీ ప్రోలాక్టిన్ విడుదలై మళ్ళీ పాలు తయారవుతాయి. రొమ్ములో పాలు గంటల తరబడి నిలిచిపోతే ఉత్పత్తి తగ్గుతుంది. నెలల బిడ్డ రోజుకు సుమారు ఎనిమిది నుండి పది సార్లు పాలు తాగుతుంది. తల్లి ఉదయం నాట్లకో, కలుపుతీతకో, పత్తి ఏరడానికో వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తే, ఈ సమయాలలో రెండు మూడు తప్పిపోతాయి. ఇంటివద్ద బిడ్డకు పోతపాలు పడతారు. బిడ్డ కడుపు నిండి ఉండడంతో సాయంత్రం తక్కువగా తాగుతుంది, తల్లికి పాలు మరింత తగ్గుతాయి. ఈ తగ్గుదలను చూసి ఆమెకు పాలు లేవని ఇంటివారు నిర్ణయిస్తారు. అదే సర్వేలో ఆరు నెలల లోపు పిల్లలలో 63.7 శాతం కేవలం తల్లిపాలపై ఉన్నట్లు తేలినా, నెలలు పెరిగే కొద్దీ ఈ శాతం తగ్గుతూ వస్తుంది.

సంఘటిత రంగ ఉద్యోగినులకు 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల వేతన సెలవును కల్పించింది. దినకూలికి వెళ్ళే స్త్రీకి అటువంటి సెలవు లేదు. అదే సంవత్సరం ప్రారంభమైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు ప్రకటించిన సహాయం రూ. 5,000. రోజు కూలి రూ. 300 అనుకుంటే, ఇది 17 రోజుల కూలితో సమానం. ఏరిన కిలోల లెక్కన కూలి ఇచ్చే పత్తి చేలలో, బిడ్డకు పాలివ్వడానికి వెళ్ళిన ప్రతి నిమిషం తల్లి సంపాదన నుండి తగ్గిపోతుంది.

తల్లి ఆహారం

భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలలో రోజుకు అదనంగా 600 కిలో కాలరీల శక్తి, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అవసరం. కాల్షియం రోజుకు 1,200 మిల్లీగ్రాములు ఉండాలి. పథ్యం పేరుతో పప్పు, ఆకుకూరలు, పండ్లు మాన్పించడం, దాహమైనా నీరు ఇవ్వకపోవడం తల్లి నిల్వలను మరింత హరిస్తాయి. రాగులు, నువ్వులు, పప్పుధాన్యాలు, మునగాకు, గుడ్డు, పాలు, చిన్న చేపలు ఆమె ఆహారంలో ఉండాలి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తుంది. పాలసొర చేప, వెల్లుల్లి, బొప్పాయి కాయ, మెంతులు వంటివి అలవాటు ఉన్నవారు తినవచ్చు. అయితే పాలు పెరగడానికి తరచుగా బిడ్డకు పాలివ్వడం వంటి మందు మరొకటి లేదు. ఎండలో పనిచేసే తల్లి దాహం వేసే వరకు ఆగకుండా నీరు, మజ్జిగ తాగాలి.

పురుగుమందుల విషయంలో జాగ్రత్త

డి.డి.టి. వంటి ఆర్గానోక్లోరిన్ మందులు కొవ్వులో కరిగి శరీరంలో ఏళ్ళ తరబడి నిలిచి, తల్లిపాలలోకి కూడా చేరతాయి. స్వీడన్‌లో దశాబ్దాల పాటు సేకరించిన తల్లిపాల నమూనాలలో, వాడకంపై ఆంక్షలు వచ్చిన తరువాత ఈ అవశేషాలు క్రమంగా తగ్గినట్లు తేలింది. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. అవశేషాల భయంతో తల్లిపాలు మానిపించనవసరం లేదు. పాలివ్వడం వలన కలిగే మేలు ఆ ముప్పు కంటే ఎంతో ఎక్కువ. అయితే పాలిచ్చే తల్లులను మందు కలపడానికి, పిచికారీకి, పిచికారీ చేసిన వెంటనే ఆ చేలో పనికి పంపరాదు. పొలం నుండి వచ్చిన తల్లి సబ్బుతో చేతులు, రొమ్ము కడుక్కొని, చీర మార్చుకొని బిడ్డను ఎత్తుకోవాలి.

రైతులు, కుటుంబ సభ్యులు చేయదగిన ఏర్పాట్లు

ఇరవై మంది కూలీల ముఠాలో ఒక బాలింత ఉన్నదనుకుందాం. ఆమెకు రోజులో ఇరవై నిమిషాల చొప్పున రెండు విరామాలు ఇస్తే, ఎనిమిది గంటల పనిదినంలో ముఠా మొత్తం పనికాలం నుండి తగ్గేది అర శాతం కూడా కాదు. ఈ విరామాలకు కూలి కోయకుండా ముఠా మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి. బిడ్డను అవ్వ గాని, అక్క గాని చేను వద్దకు తీసుకువచ్చేలా చూడాలి. గట్టు మీద నీడ, తాగునీరు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, చాటు ఉంటే చాలు. ఐదుగురు లేదా అంతకు మించి ఆరేళ్ళ లోపు పిల్లలు పనిచోటుకు వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పొందుపరచారు. ఆ పద్ధతిని నాట్లు, మిరప కోతలు జరిగే రోజులలో రైతులు కలిసి పాటించవచ్చు. గింజలు శుభ్రపరచడం, గ్రేడింగు వంటి ఇంటి దగ్గరి పనులను బాలింతలకు కేటాయించడం మరొక మార్గం.

బిడ్డను తీసుకురావడం వీలుకానప్పుడు, తల్లి వెళ్ళే ముందు చేతితో పాలు పిండి, మరగబెట్టిన నీటితో శుభ్రపరచిన మూత గల స్టీలు గిన్నెలో ఉంచాలి. 25 డిగ్రీల చల్లని చోట ఇవి నాలుగు గంటల వరకు నిలుస్తాయి. ఎండ వేడిమి ఎక్కువైతే ఇంకా ముందే వాడాలి. ఈ పాలను కాచరాదు. సీసా, పీక వాడకుండా ఉగ్గుగిన్నెతో పట్టాలి. పొలంలో పాలు గడ్డకట్టినట్లు అనిపిస్తే తల్లి వాటిని పిండివేయాలి, లేనిపక్షంలో రొమ్ము వాపు వచ్చే ప్రమాదం ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే, రాత్రివేళల్లోనూ అడిగినన్నిసార్లు పాలిస్తే ఉత్పత్తి నిలబడుతుంది.

బిడ్డ ఎదుగుదలలో ఈ ఆరు నెలలు తిరిగి రానివి. నాట్ల ముఠాకు కబురు పంపే రోజునే వారిలో పాలిచ్చే తల్లులు ఎందరున్నారో అడిగి తెలుసుకొని, వారి విరామాలను పని ఒప్పందంలో భాగంగా చేర్చడం ప్రతి రైతూ వచ్చే సీజను నుండే ప్రారంభించగలిగిన పని.