క్రేన్ వైర్ రోప్: ఎంపిక, తనిఖీ, సంరక్షణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బరువులెత్తే క్రేన్లలో వాడే వైర్ రోప్ సాధారణంగా తెగిపోవడానికి ముందే తన క్షీణతను బయటపెడుతుంది. ఆ సూచనలను గుర్తించడమే తనిఖీ. అవి పైకి కనిపించే రోప్ ఏది, లోపలే దాగిపోయే రోప్ ఏది అన్న ఎరుక ఎంపికకూ తనిఖీకీ కీలకం. తాళ్ళ అల్లికకు సంబంధించిన తెలుగు మాటల ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైర్ రోప్, క్రేన్, తీగ, పేట, పురి, తనిఖీ.

1. ఉపోద్ఘాతం:
సాంకేతిక విషయాలను తెలుగులో చెప్పాలంటే కొత్త పదాలు కల్పించుకోవాలనే భావన మనలో బలంగా ఉంది. అయితే నార తాళ్ళు, కొబ్బరిపీచు తాళ్ళు పేనిన సమాజానికి తాడు నిర్మాణం కొత్త కాదు. పోగులను పురిపెడితే పేట; పేటలను కలిపి పేనితే తాడు. వైర్ రోప్ నిర్మాణం కూడా ఇదే. ఉక్కుతీగలు చుట్టుకొని పేట అవుతాయి. పేటలు నడుమనున్న కోర్ చుట్టూ తిరిగి రోప్ అవుతాయి. ఒక పేట కోర్ చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగివచ్చే దూరాన్ని ఈ వ్యాసంలో ‘పురి పొడవు’ అని వ్యవహరిస్తున్నాను. విశాఖపట్నం ఓడరేవులోనైనా, హైదరాబాదు బహుళ అంతస్తుల కట్టడాల వద్దనైనా క్రేన్ దగ్గర పనిచేసేవారి ప్రాణాలు ఈ నిర్మాణంపై ఆధారపడి ఉంటాయి.

2. గొలుసు నుంచి రోప్‌కు:
జర్మనీలోని హార్జ్ ప్రాంత గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ 1834లో క్లౌస్తాల్ గనుల్లో వైర్ రోప్‌ను ప్రవేశపెట్టాడు. అప్పటివరకు అక్కడ నారతాళ్ళు, ఇనుప గొలుసులు వాడేవారు. ఆల్బర్ట్ రోప్‌లో 3 పేటలు, ఒక్కో పేటలో 4 తీగలు ఉండేవి. అది అక్షరాలా ముప్పేట తాడు. గొలుసులో ఒక్క లంకె తెగితే బరువు మొత్తం కింద పడుతుంది. రోప్‌లో ఒక తీగ తెగితే దాని భారాన్ని పక్క తీగలు పంచుకుంటాయి. తెగిన తీగ సైతం ఒరిపిడి వల్ల కొంత దూరం తరువాత మళ్ళీ భారం మోస్తుంది. ఈ గుణం వల్లనే ప్రమాదానికి ముందు తనిఖీకి కొంత గడువు లభిస్తోంది.

3. ఎంపిక:
6×19, 6×36 అనే గుర్తుల్లో మొదటి అంకె పేటల సంఖ్యను, రెండవది ఒక్కో పేటలోని తీగల వర్గాన్ని తెలుపుతుంది. వెలుపలి తీగలు లావుగా ఉంటే ఒరిపిడికి తట్టుకుంటాయి. సన్నగా ఉంటే కప్పీలపై పదే పదే వంగినా త్వరగా అలసిపోవు. నార కోర్ ఉన్న రోప్ మెత్తగా వంగుతుంది గాని, డ్రమ్‌పై వరుస మీద వరుసగా చుట్టినప్పుడు నలిగిపోతుంది. వేడి ఎక్కువగా ఉండే ఉక్కు కర్మాగారాల్లో ఉక్కు కోర్ తగినది. రోప్ మందానికి తగినంత పెద్ద కప్పీ లేకపోతే ఎంత బలమైన రోప్ అయినా త్వరగా క్షీణిస్తుంది.

ఎత్తైన క్రేన్లలో బరువు గిరగిర తిరగకుండా లోపలి, వెలుపలి పేటల వరుసలను వ్యతిరేక దిశల్లో పేనిన రోప్‌లు వాడతారు. ఆ వరుసలు ఒకదానినొకటి ఒరుసుకోవడం వల్ల లోపలి తీగలు ముందుగా తెగవచ్చు. పైకి నున్నగా కనిపించే రోప్ లోపల బలహీనపడి ఉండవచ్చు.

4. తనిఖీ:
తీగలు ఎన్ని తెగితే రోప్‌ను తొలగించాలి? నిర్మాణరంగ క్రేన్లకు అమెరికా 2010లో చేసిన నిబంధనల ప్రకారం, కదిలే మామూలు రోప్‌లో ఒక పురి పొడవులో చెదురుమదురుగా 6 తీగలు గాని, ఒకే పేటలో 3 తీగలు గాని తెగితే దానిని వాడరాదు. బరువు తిరగకుండా పేనిన రోప్‌కు ఈ హద్దు మరింత కఠినం: రోప్ వ్యాసానికి 6 రెట్ల పొడవులో 2 తీగలు, లేదా 30 రెట్ల పొడవులో 4 తీగలు. అంటే 20 మి.మీ. రోప్‌లో 120 మి.మీ. పొడవులో రెండు తీగలు తెగినా చాలు. లోపలి తెగుళ్ళు కంటికి కనిపించవు కనుక, కనిపించిన కొద్దిపాటి తెగుళ్ళకే ఎక్కువ విలువనివ్వడం ఇందులోని తర్కం.

వ్యాసం 5 శాతానికి మించి తగ్గినా అదే నిర్ణయం. కొలిచేటప్పుడు కాలిపర్‌ను ఎదురెదురు పేటల ఉబ్బులపై ఆనించాలి. పేటల మధ్య పల్లాల్లో పెడితే కొలత తప్పుతుంది. ఆ పల్లాల్లో తీగ తెగి కనిపిస్తే అది లోపలి క్షీణతకు సూచన. మెలి పడటం, పేటలు పంజరంలా ఉబ్బడం, కోర్ బయటికి పొడుచుకురావడం మరమ్మతుకు లొంగని లోపాలు. కప్పీలపై నడిచే భాగాన్ని, డ్రమ్‌పై వరుసలు దాటే చోటును, చివరి బిగింపులను విశేషంగా చూడాలి.

5. సంరక్షణ:
రోప్ వంగినప్పుడల్లా తీగలు ఒకదానిపై ఒకటి జారుతాయి. ఆ జారుడుకు లోపల కందెన ఉండాలి. పాత మురికిని, తడిని తొలగించకుండా పైన గ్రీజు పూస్తే తుప్పు లోపలే మిగిలిపోతుంది. పైగా తెగిన తీగలు గ్రీజు కింద కనిపించవు. కొత్త రోప్‌ను చుట్ట నుంచి లాగకుండా, చుట్టను దొర్లిస్తూ విప్పాలి. లేకుంటే మొదటి బరువు ఎత్తకముందే మెలి పడుతుంది.

6. ముగింపు:
1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ బరువులెత్తే యంత్రాలను, తాళ్ళను 12 నెలలకు ఒకసారైనా అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని విధించేది. అయితే పరీక్ష ఫలితాన్ని ‘రోప్ బాగుంది’ అని రాస్తే తరువాత చూసేవారికి ఏమీ తెలియదు. ఏ పేటలో, ఏ పురి పొడవులో, ఎన్ని తీగలు తెగాయో తేదీతో నమోదైతేనే క్షీణత ఎంత వేగంగా పెరుగుతున్నదో తెలుస్తుంది. తదుపరి తనిఖీ ఎంత త్వరగా జరగాలో నిర్ణయించవచ్చు. అలా నమోదు చేయడానికి కావలసిన మాటలు తెలుగు కార్మికునికి ఇదివరకే తెలుసు. ఐ.టి.ఐ. పాఠాల్లోనూ తనిఖీ పుస్తకాల్లోనూ వాటికి చోటు కల్పించడం తెలుగు అధ్యాపకులు, ఇంజనీర్లు కలిసి చేయవలసిన పని.