రోడ్డు కోసం కొండ ఒక్కటే దిక్కు కాదు

తారు రోడ్డు పైపొర బరువులో తారు వాటా ఐదు శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. మిగిలిందంతా కంకర, రాతి పొడి. ఆ రాయి కోసమే కొండలను పేల్చి క్రషర్లలో పోస్తున్నాం. మరోపక్క ఉక్కు కర్మాగారాల్లో టన్ను ఉక్కు తీస్తే 150 నుంచి 200 కిలోల స్టీల్ స్లాగ్ (ఉక్కు చిట్టెం) మిగులుతుంది. ముడి ఇనుము తీసే దశలో వచ్చే బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌ను సిమెంటు కంపెనీలు తీసుకుంటాయి. ఉక్కు తయారుచేసే దశలో వచ్చే ఈ స్టీల్ స్లాగ్‌కు అంత గిరాకీ లేదు. అందుకే ఇది దేశమంతటా గుట్టలుగా పేరుకుంటోంది. దీన్ని వదిలించుకోవడం కోసం రోడ్డు వేయకూడదు. రోడ్డుకు కావలసిన గుణాలు ఇందులో ఉన్నాయని తేలితేనే వాడాలి. ఉన్నాయని చెప్పడానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి.

స్లాగ్ ముక్కలు గట్టిగా, పదునైన అంచులతో ఉంటాయి. ఒకదానిలో ఒకటి బిగుసుకుని, లారీల బరువుకు రోడ్డు గాడి పడకుండా నిలుపుతాయి. గ్రానైట్‌కు ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి వానకు దానిమీది తారు ఊడివచ్చే ప్రమాదం ఉంది. క్షారగుణమున్న స్లాగ్‌ను తారు గట్టిగా పట్టుకుంటుంది. సూరత్ దగ్గర హజీరాలో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ సాంకేతిక తోడ్పాటుతో సుమారు లక్ష టన్నుల స్లాగ్ వాడి కిలోమీటరు పొడవున ఆరు వరుసల రోడ్డు వేశారు. 2022లో ప్రారంభమైన ఆ దారి మందం మామూలు రోడ్డు కంటే దాదాపు 30 శాతం తక్కువ. రోజుకు వెయ్యికి పైగా భారీ లారీలు దానిమీద తిరిగాయి.

అభ్యంతరాలు తీసిపారేయదగ్గవి కావు. స్లాగ్‌లో మిగిలిన సున్నం నీరు తగిలితే ఉబ్బి రోడ్డును పగలగొడుతుంది. అందుకే స్లాగ్‌ను నెలల తరబడి ఆరుబయట తడిపి మాగబెట్టాలి, లేదా ఆవిరి పట్టించాలి. ఉబ్బుదల పరీక్ష నెగ్గాకే పనిస్థలానికి పంపాలి. క్రోమియం, వనేడియం భూగర్భ జలాల్లో కలుస్తాయన్న భయమూ న్యాయమైనదే. పైపొరలో తారు పూత వాటిని చాలావరకు ఆపుతుంది. పూతలేని అడుగు పొరల్లో వాడేటప్పుడు మాత్రం నీటిలోకి ఏ లోహం ఎంత దిగుతోందో ముందే కొలవాలి. స్లాగ్ రాయికంటే బరువు, తారును కొంత ఎక్కువ పీలుస్తుంది. దూరం పెరిగితే రవాణా ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. కాబట్టి ఇది ప్రతి జిల్లాకూ సరిపడే మందు కాదు, ఉక్కు కర్మాగారాల చుట్టుపక్కల ప్రాంతాలకు తగిన మార్గం.

ఆ లెక్కన మనకు మొదట కనిపించేది విశాఖపట్నం. అక్కడి కర్మాగారం చుట్టుపక్కల రోడ్ల టెండర్లలో శుద్ధి చేసిన స్లాగ్‌కూ రాతి కంకరకూ సమాన అవకాశం ఇవ్వాలి. ప్రతి లోడుకూ పరీక్ష ఫలితం జతచేయాలి, ఆ ఫలితాలు ప్రజలకు అందుబాటులో ఉండాలి. పరీక్షలో తప్పిన సరుకును కర్మాగారమే వెనక్కి తీసుకోవాలి. ఈ కట్టుబాటు లేకుండా వాడితే రోడ్డే చెత్తకుప్ప అవుతుంది. కట్టుబాటుతో వాడితే రోడ్డూ మన్నుతుంది, కొన్ని కొండలూ మిగులుతాయి.